ఒపేరా గొంతుల ప్రేమ పాటలు: నలుగురివా, ముగ్గురివా, ఇద్దరివా?

మా చెల్లి పెళ్ళి రిసెప్షన్‌కి పాటల బాధ్యత నా మీద పడింది. పెళ్ళి మా పర్లాకిమిడిలోనే. మా బంధువులు సగం మంది పాతపట్నం వైపు వాళ్ళు, అబ్బాయి వాళ్ళది గుణుపురం. భోజనాల వేళ వాళ్ళకి ఒడియా పాటలు కావాలి, మా వాళ్ళకి తెలుగు పాటలు కావాలి, కుర్రాళ్ళకి హిందీ ఉండాలి. అవన్నీ సులువే. చెల్లి మాత్రం వేరే కోరిక కోరింది. "అన్నయ్యా, మేం స్టేజి ఎక్కేటప్పుడు ఆ కోట్లేసుకుని పాడతారు చూడు, వాళ్ళ పాట పెట్టు. గొంతెత్తితే ఒళ్ళు జలదరిస్తాది, వాళ్ళది." వాళ్ళంటే ఎవరే అని అడిగితే పేరు చెప్పలేకపోయింది. ఎక్కడో ఫోన్లో విందట, అంతే.

కోట్లు వేసుకుని గొంతెత్తి పాడేవాళ్ళు ఒక్కరు కాదు. నలుగురున్న గ్రూపు ఉంది, ముగ్గురున్న గ్రూపులు రెండున్నాయి, ఇద్దరు కలిసి పాడిన పాట ఒకటుంది. పైపైన వింటే అన్నీ ఒక్కలాగే అనిపిస్తాయి. పియానో మెల్లగా మొదలవుతుంది, వయొలిన్లు లేస్తాయి, చివరికి అందరూ కలిసి తారస్థాయి అందుకుంటారు. తీరా సందర్భానికి పెట్టేసరికి ఒక పాట పందిరికే అందం తెస్తుంది, ఇంకో పాట అదే పందిట్లో అపశకునంలా వినిపిస్తుంది. ఆ పెళ్ళయిన దగ్గర్నుంచి ఊళ్ళో చాలామంది నన్ను అడుగుతున్నారు, ఎవరి పాటలు పెట్టాలి, ఎవరివి ముందు వినాలి అని. మా చర్చి క్వాయర్‌లో 22 ఏళ్ళుగా టెనర్, అంటే మగవాళ్ళ పైస్థాయి గొంతు, పాడుతున్నాను కాబట్టి ఈ గొంతులతో నాకు కొంత పరిచయం ఉంది. ఆ పరిచయంతోనే రాస్తున్నాను.

ముందు ఒక మాట. మా వైపు పెద్దవాళ్ళకి ఒపేరా అంటే జాత్రా పార్టీ గుర్తొస్తుంది, రాత్రంతా ఆడే ఒడియా నాటకం. నేను చెప్తున్నది ఇటలీలో పుట్టిన ఒపేరా గురించి. అందులో కథంతా పాటలోనే నడుస్తుంది. గాయకుడికి మైకు ఉండదు. ఎదురుగా యాభై అరవై మంది వాద్యాలు వాయిస్తుంటే వాళ్ళ మీదుగా అతని గొంతు చివరి వరస దాకా వెళ్ళాలి. అలా తయారైన గొంతులతో, మైకు పెట్టుకుని, జనం నోట నానిన ప్రేమ పాటలు పాడేవాళ్ళ సంగతి ఇది.

మనకి ఇది మరీ కొత్తేం కాదు. మా తాతయ్య చిన్నప్పుడు శివరాత్రికి రాయబారం పద్యాలు వినడానికి పాతపట్నం అవతల ఊళ్ళకి నడిచి వెళ్ళేవాడట. మైకు లేని రోజులు. కృష్ణుడు పద్యం చివర రాగం అందుకుని గుక్క తిప్పుకోకుండా లాగుతుంటే, ఎక్కడో చింతచెట్టు కింద పడుకున్నవాడు లేచి కూర్చుని వన్స్‌మోర్ అని అరిచేవాడట. ఆ గొంతుకీ ఈ గొంతుకీ శ్రుతి వేరు, సాధన వేరు. కానీ దూరాన ఉన్న మనిషిని చేరుకోవాలన్న పట్టుదల ఒక్కటే. పద్యం ఇష్టపడేవాళ్ళు ఒపేరా గొంతు దగ్గరికి తొందరగా వస్తారని నా నమ్మకం, మా ఇంట్లోనే చూశాను.

అయితే ప్రేమ పాటకి ఈ గొంతుతో ఒక చిక్కుంది. ప్రేమ మాట చెవి దగ్గర చెప్పేది. చివరి వరసకి వినపడేలా పెంచిన గొంతుని చెవి దగ్గరికి దించడం కష్టం. మాకు క్వాయర్ నేర్పిన మాస్టారు వెలిగించిన కొవ్వొత్తిని నోటికి జానెడు దూరంలో పెట్టి పాడమనేవారు. మంట కదలకూడదు, స్వరం జారకూడదు. గట్టిగా పాడమంటే పదిమందిమీ పాడేసేవాళ్ళం. మెల్లగా పాడమంటే ఇద్దరికి గాలి ఎక్కువై మంట ఆరిపోయేది, మిగతావాళ్ళకి శ్రుతి దిగిపోయేది. నిలిచేది ఎప్పుడూ ఒక్కడే.

అందుకే ఏ గ్రూపు విన్నా నేను ముందు చూసేది ఇదీ: వీళ్ళలో మెల్లగా పాడగలిగేది ఎవరు? అందరూ చివర్లో పైస్వరం ఎవరు అందుకున్నారని చూస్తారు. ఆ స్వరం వీళ్ళందరి దగ్గరా ఉంటుంది, దానికే కదా వాళ్ళని ఎంచుకున్నది. పల్లవి మొదటి రెండు పాదాలు విని ఆపండి. అక్కడ ఎవరో మీకు చెబుతున్నట్టు ఉంటే అది ప్రేమ పాట. సభకి చెబుతున్నట్టు ఉంటే అది కచేరీ. రెండూ మంచివే, కానీ మీకు కావలసింది ఏదో తేల్చుకోవాలి.

నలుగురు: ఇల్ డివో

మొదటిసారి వినేవాళ్ళకి నేను ఎప్పుడూ వీళ్ళతోనే మొదలుపెట్టమంటాను. లండన్‌లో సైమన్ కావెల్ అనే టీవీ, రికార్డుల వ్యాపారి దేశదేశాలు వెతికించి నలుగురిని ఏరి కూర్చాడు. మొదటి ఆల్బమ్ 2004లో వచ్చింది. డేవిడ్ మిల్లర్ అమెరికా టెనర్, న్యూయార్క్ బ్రాడ్‌వే మీద ఒపేరా నాయకుడి వేషం కట్టినవాడు. ఊర్స్ బ్యూలర్ స్విట్జర్లాండ్ టెనర్, కుర్రతనంలో రాక్ బ్యాండులో పాడి తర్వాత శాస్త్రీయం వైపు వచ్చాడు. కార్లోస్ మరీన్ స్పెయిన్ బారిటోన్, అంటే టెనర్ కంటే కింద ఉండే బరువైన మగ గొంతు. నాలుగోవాడు సెబాస్టియన్ ఇజాంబార్, ఫ్రెంచివాడు. ఇతను ఒపేరా చదువుకోలేదు. పాప్ పాటలు పాడుకునేవాడు.

నా దృష్టిలో ఈ గ్రూపు ప్రాణం ఆ నాలుగోవాడే. ముగ్గురు తర్ఫీదు పొందిన గొంతుల మధ్య ఒక మామూలు గొంతు, కాస్త గాలి కలిసిన గొంతు, పక్కింటి అబ్బాయి గొంతు. అతను పాడిన పాదం తర్వాత టెనర్ అందుకుంటే ఆ ఎత్తు ఎంతో తెలుస్తుంది. అందరూ కొండమీదే ఉంటే కొండ ఎత్తు తెలియదు. మేం క్వాయర్‌లో ఒక కొత్త కుర్రాడిని, గొంతు ఇంకా కుదరలేదని వెనక వరసలో నిలబెట్టేవాళ్ళం. వీళ్ళని విన్నాక అతని చేత మొదటి చరణం ఒంటరిగా పాడించాం. చర్చి అంతా నిశ్శబ్దం అయిపోయింది.

వీళ్ళు చేసే పని ఏమిటంటే, ఇంగ్లీషులో పేరుపడ్డ ప్రేమ పాటని తీసుకుని స్పానిష్‌లోనో ఇటాలియన్‌లోనో కొత్త సాహిత్యం రాయించి పాడతారు. అమెరికా గాయని టోనీ బ్రాక్స్‌టన్ పాడిన విరహ గీతం ఒకటి వీళ్ళ మొదటి ఆల్బమ్‌లో "రెగ్రేసా ఎ మీ"గా మారింది. నా దగ్గరికి తిరిగి రా అని అర్థం. భాష తెలియకపోతే ఎలా అని నన్ను చాలామంది అడుగుతారు. మన సరిహద్దు ఊళ్ళవాళ్ళు అడగవలసిన ప్రశ్న కాదిది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ, కొండ మీది నుంచి సంతకి వచ్చేవాళ్ళతో సవర మాటలు నాలుగు. అర్థం సగమే తెలిసిన పాటలకి కళ్ళు చెమర్చడం మనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. వీళ్ళు పదాన్ని అచ్చుల మీద ఆపి సాగదీస్తారు. స్పానిష్, ఇటాలియన్ పదాలు చాలావరకు మన తెలుగులాగే అచ్చుతో ముగుస్తాయి. తెలుగు చెవికి అది హాయిగా ఉండడానికి కారణం అదేననుకుంటాను.

లోపం కూడా చెప్పాలి. ఒక ఆల్బమ్ మొత్తం ఏకబిగిన వింటే పాటలన్నీ ఒకే మెట్లు ఎక్కినట్టు ఉంటుంది. మెల్లగా మొదలు, రెండో చరణానికి డ్రమ్స్, చివర్లో శ్రుతి ఒక మెట్టు పెంచి నలుగురూ కలిసి ముగింపు. మూడు పాటలకి ఒళ్ళు జలదరిస్తుంది, ఏడో పాటకి ఆ మలుపు ఎప్పుడొస్తుందో మనకే తెలిసిపోతుంది. అందుకని రెండు మూడు పాటలు ఏరుకుని వినండి. 2004, 2005, 2006లలో వరుసగా వచ్చిన మూడు ఆల్బమ్‌ల నుంచి ఏరుకుంటే నిరాశపడరు.

ఇక్కడ కార్లోస్ గురించి ఆగకుండా వెళ్ళలేను. 2021 మే నెలలో కరోనాకి మా క్వాయర్‌లో బేస్, అంటే అన్నిటికంటే కింది మగ గొంతు, పాడే పెద్దాయన పోయారు. ఆయన కూర్చునే బెంచీ చివర చోటు చాలా వారాలు ఎవరూ కూర్చోలేదు. పాడుతుంటే కింద నేల లేనట్టు ఉండేది. ఆ ఏడాదే డిసెంబర్ 19న, బ్రిటన్‌లో కచేరీల మధ్య జబ్బుపడి, కార్లోస్ మాంచెస్టర్ ఆసుపత్రిలో కరోనాతో చనిపోయాడని చదివాను. వయసు 53. ఆ రాత్రి వాళ్ళ పాత పాట పెట్టుకుని, మిగతా ముగ్గురినీ వదిలేసి ఆ కింది గొంతునే వెతుక్కుంటూ విన్నాను. ఆ తర్వాత అమెరికా బారిటోన్ స్టీవెన్ లాబ్రీ వాళ్ళతో చేరాడు, మంచి గొంతు. కానీ ఈ గ్రూపు ఏమిటో తెలుసుకోవాలంటే మాత్రం 2021కి ముందువే వినమంటాను.

ముగ్గురు పెద్దలు: త్రీ టెనర్స్

గొంతే ముఖ్యం, పాట ఏదైనా సరే అనుకునేవాళ్ళకి వీళ్ళని మించినవాళ్ళు లేరు. లూచానో పవరోట్టి, ప్లాసిడో డొమింగో, హోసే కరేరాస్. ముగ్గురూ అప్పటికే ఒపేరా ప్రపంచంలో శిఖరాలు. 1990 జులై 7న, ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్‌కి ముందు రాత్రి, రోమ్‌లో పురాతన కరకల్లా స్నానశాలల శిథిలాల మధ్య కలిసి పాడారు. కరేరాస్‌కి 1987లో రక్త క్యాన్సర్ వచ్చింది. బతకడం కష్టమన్న దశ నుంచి బయటపడి, ఆ జబ్బు మీద పనిచేసే సంస్థ పెట్టాడు. ఆ కచేరీ ఒక పక్క అతనికి తోటివాళ్ళ స్వాగతం, ఇంకో పక్క ఆ సంస్థకి విరాళం. రెండు వాద్యబృందాలని కలిపి నడిపించింది మన ముంబయిలో పుట్టిన జుబిన్ మెహతా. ఆ రాత్రి రికార్డింగే శాస్త్రీయ సంగీతంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయిన ఆల్బమ్‌గా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది.

ఆ కచేరీ వీడియో చూడండి, వినడం కాదు, చూడండి. చివరికి వచ్చేసరికి నేపుల్స్ పాత ప్రేమ పాట "ఓ సోలె మీయో"ని ముగ్గురూ పంచుకుంటారు. 1898 నాటి పాట అది. ఆకాశంలో సూర్యుడు అందమైనవాడే, అంతకంటే అందమైన నా సూర్యుడు నీ ముఖంలో ఉన్నాడు అని భావం. పవరోట్టి ఒక స్వరాన్ని పట్టుకుని వణికించి వణికించి వదులుతాడు. మళ్ళీ పాడినప్పుడు మిగతా ఇద్దరూ అదే వణుకుని అతని వైపు తిరిగి పాడి చూపిస్తారు. అప్పుడు పవరోట్టి ముఖం చూడాలి. ముగ్గురు ఉద్దండులు పిల్లల్లా అయిపోయిన క్షణం అది. మా తాతయ్యకి ఇది టీవీలో పెట్టి చూపించాను. ఆయన చెవి కాస్త దూరం. సౌండు పెంచమన్నాడు, తర్వాత నిటారుగా కూర్చున్నాడు. "ఏటిరా ఇది, గుక్కే తిప్పుకోడా ఆ లావాటాయన?" అన్నాడు. పాట అయ్యాక మళ్ళీ పెట్టమన్నాడు. మాట తెలియని పాటకి మా ఇంట్లో పడిన వన్స్‌మోర్ అది.

కానీ నా కొవ్వొత్తి పరీక్షకి వీళ్ళు నిలుస్తారా? కరేరాస్ నిలుస్తాడు. జబ్బు తర్వాత అతని గొంతులో మునుపటి బలం తగ్గింది, దాని బదులు ఒక దగ్గరితనం వచ్చింది. ముగ్గురిలో నాకు అతనే ఇష్టం. అయినా మొత్తంగా ఇది సభకి పాడే పాట. భార్యాభర్తలు ఇద్దరే కూర్చుని వినాలంటే బరువెక్కువ. పెళ్ళి హాలులో నేపథ్యంగా పెడితే వృథా, మనుషులు మాట్లాడుకుంటుంటే ఈ గొంతులు వాళ్ళ మాటలతో పోట్లాడతాయి. ఆదివారం మధ్యాహ్నం పెద్దవాళ్ళతో కూర్చుని, కరెంటు ఉన్నప్పుడు, పెద్ద టీవీలో చూడవలసినవి. తర్వాత 1994లో లాస్ ఏంజెలెస్‌లో, 1998లో పారిస్‌లో, 2002లో యోకొహామాలో కూడా పాడారు. మొదటిదే చూడండి. మొదటిసారిలో ఉన్న తుళ్ళింత తర్వాతి వాటిలో ఏర్పాటుగా మారింది.

ముగ్గురు కుర్రాళ్ళు: ఇల్ వోలో

2009లో ఇటలీ టీవీలో పిల్లల పాటల పోటీ ఒకటి నడిచింది. వేరువేరుగా వచ్చిన ముగ్గురు పిల్లల్ని కలిపి నిలబెట్టి, పైన చెప్పిన నేపుల్స్ పాటే పాడించారు. పియెరో బరోనే, ఇన్యాజియో బోస్కెట్టో, జాన్లూకా జినోబ్లె. అప్పటికి వాళ్ళ వయసు 14, 15 ఏళ్ళు. మీసం రాని ముఖాలు, యాభై ఏళ్ళ గొంతులు. 2015లో ఇటలీలోని సాన్రెమో పాటల పండగలో "గ్రాందే అమోరె" పాడి గెలిచారు. గొప్ప ప్రేమ అని అర్థం. అదే పాటతో ఆ ఏడాది వియన్నాలో జరిగిన యూరోవిజన్‌కి, అంటే యూరప్ దేశాల మధ్య జరిగే పాటల పోటీకి వెళ్ళారు. జనం ఓట్లలో వీళ్ళదే మొదటి స్థానం, న్యాయనిర్ణేతల మార్కులు కలిపేసరికి మూడో స్థానంలో ఆగారు. జనం ఓటు ఎందుకు పడిందో పాట వింటే తెలుస్తుంది.

మా చెల్లి అడిగిన పాట ఇదే. నేను మూడు రోజులు ఇల్ డివో పాటలన్నీ వినిపించి కాదనిపించుకున్నాక, ఇది పెట్టిన పది క్షణాలకే "ఇదే, ఇదే" అని గంతేసింది. ఈ పాట తయారైన తీరే స్టేజి ఎక్కడానికి తగినట్టుంటుంది. కళ్ళు మూసుకుని ఆమెని తలుచుకుంటున్నానన్న మాటతో కింది స్థాయిలో మొదలై, తర్వాత మెట్టు మెట్టుగా లేస్తుంది. హాలు గుమ్మం నుంచి స్టేజి దాకా నడకకి సరిపోయేంత ఎత్తుగడ ఉంది. జంట స్టేజి మీదికి చేరి జనం వైపు తిరిగేసరికి ముగ్గురూ కలిసి పల్లవి అందుకోవాలి. మేం ముందు రోజు రాత్రి ఖాళీ హాల్లో అడుగులు లెక్కపెట్టి నడిచి చూసుకున్నాం. గుమ్మం దగ్గర పూలు చల్లే పిల్లలు ఆగిపోతారని ముందే అనుకుని ఆ ఆలస్యం కూడా లెక్కలో వేశాం.

వీళ్ళలో మెల్లగా పాడేవాడు జాన్లూకా, బారిటోన్. గొంతు మీద బరువు పెట్టడు. అతను పాదం మొదలుపెడితే ఎవరో భుజం మీద చెయ్యి వేసినట్టుంటుంది. పియెరోది పైకి దూసుకెళ్ళే గొంతు, ఇన్యాజియోది రెండు వైపులా తిరిగే గొంతు. ఇల్ డివోలో నలుగురూ నాలుగు దేశాలవాళ్ళు కాబట్టి ఉచ్చారణలో తేడాలుంటాయి. వీళ్ళు ముగ్గురూ తమ సొంత భాషలో పాడుతున్నారు కాబట్టి మాట నోట్లో కరిగినట్టుంటుంది. ఈ తేడా మనకి బాగా తెలుసు. బరంపురం వాడు పాడే తెలుగు పాటా, వేరే ఊరి గాయకుడు కాగితం మీద రాసుకుని పాడే తెలుగు పాటా ఒకటి కావు కదా.

ఒకటి మాత్రం గమనించండి. పిల్లలుగా ఉన్నప్పటి రికార్డింగులు వింటే ఆశ్చర్యం కలుగుతుంది, ప్రేమ కలగదు. పద్నాలుగేళ్ళ పిల్లాడు విరహం పాడితే గొంతు నమ్మిస్తుంది, మనసు నమ్మదు. 2015 నుంచి వచ్చినవే తీసుకోండి. 2016లో ఫ్లోరెన్స్‌లో త్రీ టెనర్స్‌కి నివాళిగా ఒక కచేరీ చేశారు, డొమింగో స్వయంగా వచ్చి కొన్ని పాటలకి వాద్యబృందాన్ని నడిపించాడు. 1990 వీడియో ఒకసారి, దీన్ని ఒకసారి పక్కపక్కన పెట్టి చూస్తే మీకు ఎవరు కావాలో ఒక్క గంటలో తేలిపోతుంది.

ఇద్దరు: అప్పగింతలకి

గ్రూపు కాకపోయినా దీన్ని వదిలిపెట్టలేను. ఇటలీ టెనర్ ఆండ్రియా బొచెల్లి 1995లో సాన్రెమోలో "కోన్ తె పార్తిరో" అనే పాట పాడాడు. మరుసటి ఏడాది ఇంగ్లండ్ గాయని సారా బ్రైట్‌మన్‌తో కలిసి మళ్ళీ పాడితే ప్రపంచమంతా పాకింది. దాని ఇంగ్లీషు పేరుకి వీడ్కోలు చెప్పే వేళ అని అర్థం. జర్మనీలో ఒక బాక్సర్ ఆఖరి పోటీకి వీడ్కోలు పాటగా వాడారు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ఆ పేరు చూసి పెళ్ళికి పనికిరాదని మా పెద్దమ్మ వద్దంది. కానీ ఇటాలియన్ మాటకి అర్థం "నీతో బయలుదేరుతాను" అని. నీతో కలిసి ఎన్నడూ చూడని దేశాలకి వెళ్తానంటుంది ఆ పాట. అప్పగింతలప్పుడు ఇంతకంటే తగిన మాట ఏముంది? అర్థం చెప్పాక పెద్దమ్మ ఒప్పుకుంది, తీరా పెట్టాక అందరికంటే ముందు ఏడ్చింది కూడా ఆవిడే. ఆడ గొంతు ఉండడం వల్ల ఇది ఇద్దరి మాటగా వినిపిస్తుంది. మగవాళ్ళ గ్రూపులు ఎంత బాగా పాడినా అది ఒకవైపు మాటే.

అర్థం చూడకుండా పాట పెట్టే ప్రమాదం మిగతా వాటిలోనూ ఉంది. ఇల్ డివో మంచి పాటల్లో చాలా భాగం విడిపోయినవాళ్ళ గోడు. నన్ను వదలొద్దు, తిరిగి రా, నువ్వు లేక ఒంటరినయ్యాను. రాగం తియ్యగా ఉందని పెళ్ళి స్టేజి మీద పెట్టేస్తారు. హాల్లో స్పానిష్ తెలిసినవాళ్ళు లేరు కదా అంటారు. పెళ్ళికొడుకు రేపు ఫోన్లో అర్థం వెతుక్కుంటాడు. ఇటలీ గాయకుడు లూచో దల్లా 1986లో రాసిన "కరూసో" పాట కూడా అంతే. అందరూ దాన్ని ప్రేమ పాటగా పాడతారు, నిజంగానే ప్రేమ పాటే, కానీ చావు దగ్గరపడ్డ గాయకుడి ప్రేమ. 40 ఏళ్ళ దాంపత్యం గడిపిన జంటకి వినిపించండి, కళ్ళు చెమరుస్తాయి. కొత్త జంటకి వద్దు.

క్వాయర్‌లో పాడుకునేవాళ్ళకి

మన వైపు చర్చి క్వాయర్లు చాలా ఉన్నాయి. సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అని నాలుగు వరసల్లో పాడతారు. వాళ్ళలో కుర్రాళ్ళు ఈ గ్రూపుల్ని చూసి నేర్చుకుందామనుకుంటారు. పైవాళ్ళ దగ్గర ఆ విద్య తక్కువే దొరుకుతుంది. వంతులవారీగా ఒక్కొక్కరూ పాడి చివర్లో కలుస్తారే తప్ప, పాట పొడుగునా నాలుగు వేర్వేరు వరసలు అల్లరు. దానికి దక్షిణ కొరియా నలుగురు ఫోరెస్టెల్లాని వినండి. 2017లో అక్కడి టీవీ పోటీలో గెలిచారు. అందులో బేస్ గొంతున్న కుర్రాడు కో వూరిమ్ కింద నిలబెట్టే స్వరం మీద మిగతా ముగ్గురూ తిరుగుతారు. కొరియా సీరియళ్ళు చూసే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్ళే మీకు వెతికి పెడతారు.

ఏ పెట్టెలో వినాలి

ఎంపిక ఎంత బాగా చేసినా ఇక్కడ తప్పితే అంతా పోతుంది. ఒక బంధువుల పెళ్ళిలో నా కళ్ళ ముందే జరిగింది. నేనిచ్చిన పెన్‌డ్రైవ్ తీసుకుని సౌండు పెట్టినతను మామూలుగా డీజే పాటలకి ఉంచే పద్ధతిలోనే, బేస్ చివరిదాకా, ట్రెబుల్ చివరిదాకా తిప్పి ఉంచాడు. మెల్లటి మొదలు వినపడలేదని మొత్తం సౌండు పెంచాడు. తర్వాత ముగ్గురూ కలిసి గొంతెత్తేసరికి స్పీకర్లు చీలినట్టు అరిచాయి. ముందు వరసలో పసిపిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది, ఎవరో పాట ఆపెయ్యమన్నారు. గాయకుడి తప్పు కాదు, పాట తప్పు కాదు.

కారణం తెలిస్తే సరిచేసుకోవడం సులువు. శబ్దం ఎంత కింద ఉందో ఎంత పైన ఉందో హెర్ట్జ్‌లలో కొలుస్తారు. వాద్యబృందం శబ్దంలో బలం ఎక్కువగా 500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. ఒపేరా సాధన చేసిన మగ గొంతు 3000 హెర్ట్జ్ దగ్గర ప్రత్యేకంగా బలం పోగుచేసుకుంటుంది. అక్కడ వాద్యాల బలం తక్కువ, పైగా మన చెవి ఆ ప్రాంతంలో చాలా చురుగ్గా ఉంటుంది. అందుకే మైకు లేకపోయినా ఆ గొంతు వాద్యాల మీదుగా దూసుకొస్తుంది. స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెరి దీన్ని కొలిచి వివరించాడు. ఇప్పుడు మీ స్పీకరు కూడా అదే చోట శబ్దం పెంచిందనుకోండి, ఇప్పటికే పదునుగా ఉన్న కత్తికి మళ్ళీ సాన పట్టినట్టే. ఫోన్ స్పీకర్లో ఈ పాటలు కీచుగా వినిపించేది కూడా ఇందుకే. కింది స్వరాలు దానిలో రావు, ఆ పదును ఒక్కటే మిగులుతుంది. ఫోన్లో విని ఈ గొంతులు నాకు పడవు అనుకున్నవాళ్ళు దయచేసి ఒక్కసారి మంచి ఇయర్‌ఫోన్లలో వినండి.

హాల్లో అయితే ఈక్వలైజర్‌లో, అంటే పైస్వరాలూ కిందిస్వరాలూ విడివిడిగా పెంచే తగ్గించే మీటల పెట్టెలో, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ (2000 నుంచి 4000 హెర్ట్జ్) మధ్య మీటలు కొంచెం కిందికి దించమనండి. బేస్ మధ్యలో ఉంచమనండి. పాటలో అన్నిటికంటే గట్టిగా ఉండే చోటు ముందుగా పెట్టి, అక్కడ స్పీకరు హాయిగా పలికేలా సౌండు ఖాయం చేసుకోండి. తర్వాత మొదలు మెల్లగా వినపడితే పడనివ్వండి, దాని కోసం హాలు నిశ్శబ్దంగా ఉండే వేళ చూసుకోండి. భోజనాల గోలలో ఈ పాటలు పెట్టకండి.

ఇంట్లో వినడానికి నేను నాలుగు పాటలే ఒక వరసలో పెట్టుకున్నాను. ముందు ఇల్ డివో ఒకటి, తర్వాత జాన్లూకా మొదలుపెట్టే ఇల్ వోలో పాట ఒకటి, తర్వాత బొచెల్లి, బ్రైట్‌మన్ జంట, ఆఖర్న 1990 రాత్రి ముగ్గురు పెద్దలు. నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే రైల్లో చెల్లి ఇంటికి వెళ్ళేటప్పుడు ఇవే వింటాను. ఆ నాలుగూ అయ్యేసరికి ఊరు దాటి కొండలు దగ్గరవుతాయి. తాతయ్య కూడా వస్తే ఒక ఇయర్‌ఫోన్ ఆయన చెవిలో ఉంటుంది, వరస తిరగేసి ముగ్గురు పెద్దలతోనే మొదలుపెట్టాలి.